పసుపు పట్టిన డబుల్ బ్యారెల్

రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను కంకిపాడు వైపు ఒక మండలానికి తహసీల్దారుగా వేశారు. ఛార్జి తీసుకున్న వారానికే తుపాకీ లైసెన్సు రెన్యువల్ ఫైలు ఒకటి వచ్చింది. లైసెన్సు ఇచ్చేది కలెక్టరు గారు. ఆయుధాన్ని స్వయంగా చూసి, నంబరు సరిచూసి, అవసరం ఉందో లేదో అభిప్రాయం రాయడం వరకే నా పని. పోలీసు రిపోర్టు విడిగా వెళుతుంది.

దరఖాస్తుదారు రాఘవయ్య గారు. ఊరికి దూరంగా అరటితోటలో ఇల్లు, తండ్రి నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ. అవసరం అన్న గడిలో ‘ఆత్మరక్షణ’ అని రాశారు.

“ఫోన్ చేస్తే పోలీసులొచ్చేసరికి అరగంట పడుద్దండి. అప్పటిదాకా నన్ను నేనే కాపాడుకోవాలి కదా!” అన్నారు, తనిఖీకి వాళ్లింటికి వెళ్లినప్పుడు.

తోసిపుచ్చదగిన మాట కాదు. ప్రాణం మీదికి వస్తే ఎదుర్కొనే హక్కు చట్టమే ఇచ్చింది.

కాఫీ తెచ్చిన ఆయన భార్య సుభద్రమ్మ గారు ఊరుకోలేదు. “ఈయన కళ్లజోడు వెతుక్కోడానికే అరగంట పడుద్దండి. ఎవణ్ణో కాల్చేస్తే ఆ ఉసురు ఎవరికి తగులుద్ది?”

తూటాలన్నీ పెట్టెలోనే ఉన్నాయి. గొట్టాలు ఖాళీయేనని చూడటానికి తుపాకీని మధ్యకు మడిచి తెరవమన్నాను. ఆయన లాగారు. రాలేదు. నాతో వచ్చిన మా వీఆర్వో లాగాడు. రాలేదు. ఏటా దసరా ఆయుధపూజకు పూసిన పసుపు, గంధం మడతలోకి దిగి, తుప్పుతో కలిసి సిమెంటులా బిగుసుకున్నాయి.

ఎప్పటినుంచి ఇలా అని అడిగితే ఆయన గొట్టాలు తుడవసాగారు. చెప్పింది ఆవిడే. కిందటి వానాకాలం ఒక మధ్యాహ్నం ఎవరో గోడ దూకి పశువుల పాకలోకి వెళ్లారు. ఈయన తూటా పెట్టబోతే తుపాకీ తెరుచుకోలేదు. కేకలు వేస్తే ఆ మనిషి బయటికొచ్చాడు. పక్కతోట వీరాస్వామి, తప్పిపోయిన దూడ కోసం వచ్చాడు. కాఫీ తాగి, దూడను తోలుకుని వెళ్లాడట.

“ఇంత మందంగా పసుపు పూసిందెవరమ్మా?” అన్నాను.

“అమ్మవారి పూజండీ, పిసినారితనం చేస్తామా?” అన్నారావిడ. రాఘవయ్య గారు భార్య వైపు అనుమానంగా చూసి, పకపకా నవ్వారు.

బాగుచేయించుకుంటే అవసరం ఉందనే రాస్తానని చెప్పాను. ఆయన నవ్వు ఆగింది. వీరాస్వామి దూకిన గోడవైపు కాసేపు చూశారు.

“బాగుచేస్తే తెరుచుకుద్ది కదండీ,” అని తెల్లకాగితం అడిగారు. లైసెన్సు వద్దని, తుపాకీని స్టేషన్‌లో అప్పగిస్తానని రాసి సంతకం పెట్టారు.

నా డైరీలో ఆ రోజు తుపాకీ నంబరు పక్కన ‘తెరుచుకోలేదు’ అని మాత్రమే ఉంది. తర్వాత కూడా కొందరికి అవసరం ఉందనే రాశాను. అయితే ప్రతి తనిఖీలోనూ ముందు ఆయుధం తెరిపించాను, ఆపైన ఇంట్లో రెండో మనిషి అభిప్రాయం అడిగాను. దానికి ఫారంలో గడి లేదు, మార్జిన్‌లో రాసేవాణ్ణి.