రెండు వైపుల పత్తి

మొన్న పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "మీ గుంటూరులో దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు ఎవరైనా మిగిలారా?" అని అడిగింది. కోడలు ఫోమ్ పరుపు కొన్నదట. అక్క పెళ్లినాటి పరుపు మేడ మీద గదిలోకి చేరింది. గడ్డలు కట్టింది గానీ పారేయడానికి అక్కకు చేతులు రావడం లేదు. నల్లపాడు దాకా వెతికి చెబుతానన్నాను. దొరకరని నాకూ తెలుసు, తనకూ తెలుసు.

మా పుట్టినూరిది మొదటి నుంచీ సరిహద్దు బతుకు. ఊరి చివర కూలిన కోటగోడకు ఇవతల ఒక రాజు, అవతల ఇంకో రాజు ఏలారని పెద్దవాళ్లు చెప్పేవారు. రాజులు పోయాక జిల్లాలొచ్చాయి. నేను పుట్టినప్పుడు మాది గుంటూరు జిల్లా. బడికి వెళ్లే వేళకు ఒంగోలు వైపు కలిపారు. ఇప్పుడు ముచ్చటగా మూడోది. మిరపకాయలు గుంటూరు యార్డుకు పోయేవి, పొగాకు ఒంగోలుకు పోయేది, పిల్లలు ఎక్కడ సీటొస్తే అక్కడికి పోయేవారు. దీన్ని మేం లోటనుకోలేదు. ఎవరితో పని పడితే ఆ జిల్లావాళ్లమైపోయేవాళ్లం, అంతే.

మా పక్కింట్లో సాయిబు తాత ఉండేవాడు. పరుపులు కుట్టడం ఆయన వృత్తి. ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు, శుక్రవారం మసీదుకు వెళ్లేవాడు, ఉగాదికి మా అమ్మ చేసిన పచ్చడి రెండోసారి అడిగి మరీ తినేవాడు. ఊళ్లో ఏ పెళ్లి కుదిరినా ఆయన షరతు ఒకటుండేది. పరుపులోకి సగం పత్తి పెళ్లికూతురి వాళ్ల చేలోది, సగం పెళ్లికొడుకు వాళ్ల చేలోది కావాలి. రెండూ కలిపి ఏకితే గానీ సూది పట్టేవాడు కాదు.

అక్కది ఒంగోలు వైపు సంబంధం. నాన్న తన పెళ్లికి వేయించిన గుంటూరు ప్రెస్సులోనే శుభలేఖలు వేయించాడు. మా ఊరి పేరు కింద "గుంటూరు జిల్లా" అని పడింది. జిల్లా మారి అప్పటికే పదేళ్లు దాటింది. కవర్ల మీద చిరునామాలన్నీ రాసింది నేనే, నాకూ అది తప్పనిపించలేదు.

పెళ్లికి వారం ముందు అక్కకు కాబోయే మామగారు పత్తి మూట తెచ్చాడు. తాత మా వసారాలోనే దాన్ని మా పత్తిలో కలిపి, విల్లు మీటుతూ ఏకుతున్నాడు. కాఫీ తాగుతూ మామగారు శుభలేఖ తీసి చదివాడు. మొహం ముడుచుకుపోయింది.

"మా జిల్లా పేరు వేయించడానికి నామోషీ అయిందా బావగారూ?"

పొరపాటైందంటే సరిపోయేది. నాన్న నోరు ఊరుకోదు. "మేం పుట్టింది గుంటూరు జిల్లాలోనండి" అన్నాడు.

"అటూ కాదు, ఇటూ కాదు. మీకసలు ఒక జిల్లా అంటూ ఉందా? రేపు మీ మాటా ఇంతేగా?" ఆయన కండువా దులిపి లేచాడు. "మా పత్తి మాకిచ్చేయండి, పోతాం."

తలుపు వెనక అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ అబ్బాయంటే తనకెంత ఇష్టమో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నాకు ఏడుపొచ్చింది. వసారాలో విల్లు చప్పుడు ఆగింది.

తాత తొందరపడలేదు. విల్లు గోడకు ఆనించి, "తీసుకెళ్లండి బాబుగారూ, నేను అడ్డం చెప్పను. మీదేదో చూసి ఏరుకోండి" అన్నాడు.

మామగారు నిజంగానే వంగాడు. మోకాలెత్తు దూది కుప్పలో చెయ్యి పెట్టి, కాస్త తీసి, వెలుతురులో చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు. ఇంకో చోట తీశాడు. మీసాల నిండా దూది అంటుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పత్తి పండించిన మనిషి, తన చేను తనకే దొరకక అలా నిలబడిపోయాడు. అక్క ఆపుకోలేక కిసుక్కున నవ్వింది. మేమంతా బిగుసుకుపోయాం. ఆయన తలుపు వైపు ఓసారి చూసి, మీసం తుడుచుకుని కూర్చున్నాడు.

"కుట్టు సాయిబూ. కుట్లు కాస్త దగ్గరగా పడనీ."

శుభలేఖలు మళ్లీ వేయిస్తానని నాన్న దిగివస్తే వద్దన్నదీ ఆయనే.

నిన్న అక్క ఇంటికి వెళ్లాను. ఇద్దరం కూర్చుని పరుపు మూల కుట్టు విప్పాం. దూది పసుపు రంగుకు తిరిగింది. మనవరాలికి పెళ్లి కుదిరింది, దాని దిండ్లలో రెండు గుప్పెళ్లు వేద్దామంది అక్క. శుభలేఖ నమూనా చూపిస్తే అందులో వాళ్ల ఊరికీ కొత్త జిల్లా పేరే ఉంది. మళ్లీ మారకముందే పంచేయమన్నాను. నా ఒక్క జీవితంలో మా ఊరు మూడు జిల్లాల పేర్లు చూసింది. ఇన్నేళ్లు గడిచినా, ఆ దూదిలో మాదేదో వాళ్లదేదో కాలం కూడా ఏరలేకపోయింది.