చోటు మారని మచ్చ

రేవు చుట్టుపక్కల ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ ఆయన 'ఒక్కనిమిషం గారు'. కెమెరా ముందుకు ఎవరొచ్చినా అరచెయ్యి పైకెత్తి "ఒక్క నిమిషం" అనేవాడు. ఆ ఒక్క నిమిషం ఏనాడూ ఒక్క నిమిషంలో అయ్యింది లేదు. పాలవాడు సైకిలు దిగి నిలబడిపోయేవాడు. బడిపిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయి నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళు. రేవులో తిరిగే కుక్క మాత్రం ఆయన్ని లెక్కచేసేది కాదు. పనవగానే చెయ్యి దించి "ఇక పదండి" అనేవాడు. చెయ్యి దించేదాకా ఎవరూ కదిలేవారు కాదు. ఊరికే కాదు, కదిలితే ఆయన మొహం మాడిపోయేది, అది చూడలేక.

క్యాలెండర్లు వేసే ప్రెస్సుకు కొండలూ, నదులూ, సముద్రాలూ తీసివ్వడం ఆయన బతుకుతెరువు. గోడకు తగిలించుకునే బొమ్మలో మనుషులుంటే ఎవరూ కొనరని ప్రెస్సు యజమాని గట్టి నమ్మకం. పోనుపోను అది ఈయన నమ్మకం కూడా అయింది. మంచు విడిచిన లోయను తీయాలని ఒకసారి వారమంతా కొండ మీద లాడ్జిలో తడి సాక్సులు ఆరేసుకుంటూ కూర్చుని, విసిగి దిగివచ్చే బస్సు ఎక్కాక, వెనక లోయ మొత్తం తళతళలాడిందట. ఆ సంగతి ఆయన భార్య వచ్చిన చుట్టానికల్లా చెప్పి నవ్వించేది. ఆయన కూడా నవ్వేవాడు.

ఆయన పనితనమంతా ఓపికలో ఉంది. లెన్సు ముందు నల్లటి అద్దం బిగిస్తాడు. దాంతో లోపలికి పోయే వెలుతురు తగ్గిపోయి, షట్టరును రెండేసి నిమిషాలు తెరిచి ఉంచాల్సి వస్తుంది. అంతసేపట్లో అలలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నీళ్ళు మీగడ కట్టినట్టు కనిపిస్తాయి. ఆగకుండా సాగిపోయేవేవీ బొమ్మలో నిలవవు. మెల్లగా నడిచే మనిషి మాత్రం పొగచారికలా మిగులుతాడు, దాన్ని చెరపడం తలనొప్పి. అదే మనిషి కదలకుండా నిలబడితే చిన్న మచ్చ అవుతాడు, కంప్యూటర్లో చిటికెలో తుడిచేయొచ్చు. అందుకే ఆ చెయ్యెత్తడం. మనుషుల్ని ఆపేది బొమ్మలో ఉంచడానికని రేవులో అందరూ అనుకునేవారు. తుడిచేయడానికని ఆయనా ఎవరికీ చెప్పలేదు.

రానురాను ఎదుట ఎవరైనా ఉన్నారా లేరా అని చూడటం కూడా మానేశాడు. కళ్ళు కెమెరా తెర మీద, కుడిచెయ్యి మీట మీద, ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచేది. "గాలిని ఆపుతున్నారా?" అని భార్య వేళాకోళం చేసేది.

ఒక మధ్యాహ్నం ఆయన పని గదిలో ఆ ఏటి క్యాలెండరు కాగితాలు చూసుకుంటుండగా రేవులో పడవ టిక్కెట్లిచ్చే ఆవిడ వచ్చింది. చంకలో అదే క్యాలెండరు చుట్ట. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుని, చుట్ట విప్పి, ఒక బొమ్మ దగ్గర వేలు పెట్టింది. పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బయటపడే బురదమేట. తెల్లారుజాము వెలుతురు. ఓ మూల ఒరిగిపోయి ఉన్న పడవ. ఆ ఏడాది ఆయనకు బాగా పేరు తెచ్చిన బొమ్మ అదే.

ఆ పడవ అలా ఒరిగి ఉన్నది ఒక్క పూటేనని ఆవిడ చెప్పింది. రాత్రి తాడు తెగి మేట మీదికి కొట్టుకొచ్చింది, పొద్దెక్కాక వచ్చిన పోటుకు మళ్ళీ తేలిపోయింది. అదే పొద్దున ఆవిడ తమ్ముడు ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదు. వాడు మేట మీద ఆల్చిప్పలు ఏరి అమ్ముకునేవాడు. ముందు రోజు ఇద్దరూ మాటామాటా అనుకున్నారు, నీ మొహం చూపించకు పొమ్మని ఈవిడ నోరు జారింది. తెల్లారి బస్సెక్కి వెళ్ళిపోయాడని ఊళ్ళో అన్నారు. పోనీలే ఎక్కడో బతికున్నాడు అనుకోవాలో, పనికి పోయి నీళ్ళపాలయ్యాడనుకోవాలో ఆవిడకు తేలలేదు. ఏడాదిగా కంటి మీద కునుకు లేదు.

"మీరు ఆ పొద్దున అక్కడే ఉన్నారు కదండీ. మా వాణ్ణి చూశారా?"

లేదని చెప్పాడు. అబద్ధం కాదు. అంత ఖాళీగా ఉన్న పొద్దు తన బతుకులో చూడలేదని కూడా అన్నాడు. ఆవిడ తలూపి, వెళ్ళడానికి లేస్తూ కొంచెం నవ్వింది.

"మీరంటే వాడికి ఎంత సరదానో. ఇంటికొచ్చి మీలాగే చెయ్యెత్తి నన్ను ఆపేసేవాడు. ఇవాళ ఒక్కనిమిషం గారు నన్ను కూడా ఫొటోలో వేశారక్కా, అనేవాడు."

ఆవిడ వెళ్ళాక ఆయన ఆ పొద్దుటి బొమ్మల్ని కంప్యూటర్లో తెరిచాడు. ఎవరూ లేరని తనకు తాను రూఢి చేసుకుందామనే. తుడవక ముందటి బొమ్మలు మూడు ఉన్నాయి. మొదటిదాంట్లో పడవకు ఇవతల నువ్వుగింజంత మచ్చ ఉంది. రెండోదాంట్లో అదే చోట అదే మచ్చ. మూడోదాంట్లో లేదు. అప్పుడు ఏమనుకున్నాడో ఆయనకు బాగా గుర్తుంది. బొమ్మ మారినా చోటు మారని మచ్చ కెమెరా లోపలి దుమ్మే, ఈ వృత్తిలో ఉన్న ఎవరైనా అదే అంటారు. రెండో బొమ్మ తర్వాత లెన్సు విప్పి రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు కూడా. మూడోదాంట్లో మచ్చ పోయేసరికి తన అనుమానం సరైందేనని తృప్తిపడ్డాడు. రెండో బొమ్మ వెలుతురు బాగుందని, దుమ్ము తుడిచి ప్రెస్సుకు పంపించాడు.

ఇప్పుడా మచ్చను పెద్దది చేశాడు. మొదటి బొమ్మలో భుజాన బుట్టతో ఒక మనిషి ఇటు తిరిగి నిలబడి ఉన్నాడు. చెక్కుచెదరకుండా ఉన్నాడు. రెండు నిమిషాల బొమ్మలో మనిషి అంత స్పష్టంగా రావాలంటే ఊపిరి బిగబట్టి నిలబడాలి.

రెండోదాంట్లో అతను, కాళ్ళు మోకాళ్ళ దాకా కనబడక, కురచగా ఉన్నాడు. బుట్ట లేదు. చేతులు కూడా లేవు. భుజాల దగ్గర తెగిపోయినట్టు ఉంది. ఆయన చాలాసేపు చూశాడు. ఆగకుండా ఊపే చేతులు బొమ్మలో నిలవవని ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు?

ఆ బురద సంగతి ఆయనకు తెలియంది కాదు. కెమెరా స్టాండు కాళ్ళు దిగబడిపోకుండా ప్రతిసారీ కింద చెక్కముక్కలు పరుస్తాడు. నడుస్తూ ఉంటే ఏమీ చేయదు, ఆగితే పట్టుకుంటుంది. ఆ పొద్దున గాలి తన వైపు నుంచి మేట మీదికి కొడుతోంది, కేక వేసినా ఇటు చేరదు, చెవులకు మఫ్లరు చుట్టుకున్నాడు, తల ఎత్తలేదు. చెయ్యెత్తాడా? గుర్తులేదు. భార్యను అడిగితే, "మీరు ఎత్తని రోజు ఎప్పుడుంది?" అంది, కూరగాయలు తరుగుతూ. ఎందుకడిగాడో ఆమెకు తెలియదు.

ఆ తర్వాత ఆయనకు ఎక్కడ చూసినా మచ్చలే. కిటికీ అద్దం మీద ఈగ వాలితే దగ్గరికి వెళ్ళి చూసేవాడు. పాత బొమ్మలన్నీ తిరగదోడి, తుడిచేసిన నలుసులన్నింటినీ పెద్దవి చేసి చూశాడు. కొండ వాలు మీది చుక్క నిజంగా దుమ్మేనా? ఏటి గట్టు మీది గీత కొమ్మేనా? కొన్ని తేలాయి, కొన్ని తేలలేదు. తేలనివి వెంటాడాయి. రబ్బరు బుడ్డిని సొరుగులో పడేశాడు. అన్నం ముందు కూర్చుని అరచెయ్యి వంకే చూసుకుంటుంటే భార్యకు భయమేసి, డాక్టరు దగ్గరికి వెళ్దామంది. వెళ్ళాల్సింది అక్కడికి కాదన్నాడు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అదే ఆయన్ని పీక్కుతింది. తను నోరు మూసుకుంటే ఆ అక్క బతికినన్నాళ్ళూ తమ్ముడు అలిగి పోయాడనే అనుకుంటుంది. చివరికి మొదటి బొమ్మను, మనిషితో సహా, పెద్ద కాగితం మీద అచ్చు తీశాడు. రెండోదాన్ని ఎవరికీ చూపించదలచుకోలేదు.

రేవుకు వెళ్ళేసరికి పడవ అప్పుడే కదిలిపోయి టిక్కెట్ల గది ముందు ఎవరూ లేరు. ఆవిడ కిటికీ వెనక ఒక్కతే ఉంది. ఆయన బొమ్మను లోపలికి తోశాడు. మచ్చ చూపించనక్కర్లేకపోయింది. ఆ నిలుచున్న తీరును బట్టే ఆవిడ గుర్తుపట్టింది. వేలితో బుట్టను తడిమింది.

"పనికే వెళ్ళాడు," అంది. "అలిగి పోలేదు. చూడండి, బుట్ట తీసుకుని పనికే వెళ్ళాడు నా తండ్రి."

అక్కడికక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడాదిపాటు గుండె మీద మోసిన బండ దిగిన ఏడుపు అది. ఆయన్ని చల్లగా ఉండమంది, మీ మేలు మర్చిపోలేనంది. ఒక్కో మాటకు ఆయన తల ఇంకా కిందికి వాలింది. అక్కడితో వచ్చేసినా వచ్చేసేవాడేమో.

ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ బొమ్మను దగ్గరికి తీసుకుంది. చూస్తూ చూస్తూ నుదురు ముడివేసింది.

"అక్కడ ఎవరూ ఆగరండీ. చిన్నప్పుడు వాడికి నేనే నేర్పాను, ఆగితే బురద పట్టేస్తుందని. వీడెందుకు నిలబడ్డాడు?"

జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వచ్చాడు, దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. ఆవిడ ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచింది, అరచెయ్యి ఆవిడ వైపుకి.

ఆవిడ బిగుసుకుపోయింది. బొమ్మలో తమ్ముడు నిలబడినట్టే, రెప్ప కూడా వేయకుండా.

ఆ చెయ్యి ఎలా దించాలో ఆయనకు తెలియలేదు.