అతుకుల్లో జారిపోయినది

గొడ్ల సంతలో జుమాదిల్‌ను ఇనప కడ్డీతో కొట్టి చంపారు. పచ్చిక బయలు ఎవరిదన్న తగవు రెండు ఊళ్ళ మధ్య తాతల నాటి నుంచి రగులుతున్నదే. ఆనాడు అది కొరడాలతో మొదలై, కర్రలకు పాకి, ఇనుముతో ముగిసింది. కట్లు తెంచుకున్న గొర్రెలు నెత్తుటిని తొక్కుకుంటూ పోయాయి. చుట్టూ మూగిన జనం ఆపడానికి చేతులెత్తలేదు, ఫోన్లు ఎత్తారు. మర్నాటికల్లా ఆ లోయవాళ్ళు నడుపుకునే వీడియోల సైటు నిండా ఆ కొట్లాటే.

అందుకే, చంపినవాడెవడో వాటిలో వెతికి తేల్చమని రెండు ఊళ్ళ పెద్దలూ బురుల్‌ను పిలిపించారు. ఆమె గొర్రెల కాపరి కూతురు. రాజధాని బిష్కెక్‌లో చదువుకుని, అక్కడి పత్రిక ఒకదానికి ఇంటి నుంచే పనిచేసేది. వెతికితే వేలల్లో వచ్చి పడే ఫలితాలను కోడ్ రాసి విడతలవారీగా దించుకోవడం, జల్లెడ పట్టడం ఆమె వృత్తి. ఏ సైటూ అడిగినవన్నీ ఒక్కసారిగా కుమ్మరించదు. వందేసి చొప్పున వడ్డిస్తుంది.

భర్త ఆమె దవడ విరగ్గొట్టిన ఏడాది, అన్న ఎర్కిన్‌బెక్ గుర్రమెక్కి వెళ్ళి, బావను వాకిట్లోకి ఈడ్చి, స్పృహ తప్పేదాకా తన్ని, చెల్లెల్ని తీసుకొచ్చాడు. హింస మనకు మేలు చేసినప్పుడు దానికి మరో పేరు పెట్టుకుంటాం. బురుల్ దాన్ని ప్రేమ అనుకుంది. అది అబద్ధమూ కాదు.

ఇప్పుడు చచ్చినవాడి అన్న తొక్తొసున్ అనుమానం ఆ ఎర్కిన్‌బెక్ మీదే.

"అన్నీ వెతుకు పిల్లా," అన్నాడు తొక్తొసున్. "ఒక్కటి దాచావో, మీ ఏడు తరాల తండ్రుల పేర్లూ మట్టిలో కలుస్తాయి."

"తోడేల్ని పిలిచి గొర్రెల్ని లెక్కపెట్టమన్నట్టుంది," అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

ఆమె దాచలేదు. దించుకున్నవన్నీ కళ్ళు మండేదాకా చూసి, పెద్దల ముందు చెప్పింది: "అన్నీ చూశాను. మా అన్న కొట్లాటలో ఉన్నాడు. జుమాదిల్‌ను కొట్టినట్టు మాత్రం ఎక్కడా లేదు."

"మరి కడ్డీ ఎవడి చేతిలో ఉంది?"

"ఒకదాంట్లో... కమ్మరి యూసుర్ చేతిలో కనిపించింది."

యూసుర్ దుంగాన్ జాతివాడు, రెండు ఊళ్ళకూ పరాయివాడు. తన కొట్టును కాపాడుకోవడానికి కడ్డీ పట్టుకున్నాడేమోనన్న ఆలోచన ఎవరికీ రాలేదు. తొక్తొసున్ మనుషులు అతన్ని కొలిమి దగ్గర్నుంచే ఈడ్చుకుపోయి గుర్రపు కొట్టంలో కట్టేశారు. ఒప్పుకునేదాకా కొట్టాలని, ఒప్పుకున్నాక చంపాలని వాళ్ళ ఉద్దేశం. అతని కేకలు నది అవతల బురుల్ ఊరికి వినిపించాయి.

ఆ కేకలు భరించలేక బురుల్, యూసుర్ ఉన్న వీడియో కింద జనం ఏం రాశారో చూద్దామని సైటు తెరిచింది. అది లేదు. దాని పక్కదీ లేదు. తన కొడుకో మేనల్లుడో కనిపించిన ప్రతివాడూ తన వీడియోను తీసేస్తున్నాడు.

అప్పుడామెకు తన తప్పు తట్టింది. వరుసలో నిలబడ్డ మనుషుల్లో వందమందిని చూసి, ఒక్క క్షణం తలతిప్పామనుకోండి. ఈలోగా ముందున్న ఇద్దరు వెళ్ళిపోతే వెనకవాళ్ళు ముందుకు జరుగుతారు. మనం నూట ఒకటో చోటు నుంచి మళ్ళీ మొదలుపెడితే, జరిగిన ఆ ఇద్దరి ముఖాలూ ఎప్పటికీ చూడం. ఆమె కోడ్ చేసినదదే. విడతకూ విడతకూ నడుమ అతుకుల్లో ఎన్ని జారిపోయాయో! స్థలాన్ని లెక్కపెట్టకూడదు, చివర చూసినదాని గుర్తు పట్టుకుని, "దీని తర్వాతివి ఇవ్వు" అని అడగాలి. అది ఆమెకు తెలియనిది కాదు. అన్న జుమాదిల్‌ను కొడుతూ ఏ వీడియోలోనూ దొరకనందుకు కలిగిన ఊరటలో, తెలిసినదాన్ని తలుచుకోలేదు.

కోడ్ మార్చి మళ్ళీ దించింది. కొత్తగా వచ్చినవాటిలో ఒకటి చిన్నది, వణుకుతున్నది. యూసుర్ కడ్డీ పారేసి పరుగెత్తాడు. ఎర్కిన్‌బెక్ దాన్ని అందుకున్నాడు. మోకాళ్ళ మీదున్న జుమాదిల్ రెండు చేతులూ ఎత్తాడు. మొదటి దెబ్బకు ఆ చేతులు విరిగాయి, తర్వాతి దెబ్బకు తల పగిలింది.

పెరట్లో ఎర్కిన్‌బెక్ గొర్రె తోలు వలుస్తున్నాడు.

"అన్నా, చూశాను. వాడు చేతులెత్తాడు."

కత్తి ఆగలేదు. "నీ మొగుడూ ఎత్తాడే. అప్పుడు నీ నోరు లేవలేదేం?"

"అక్కడ యూసుర్‌ను చంపేస్తున్నారు. నువ్వే పోలీసుల దగ్గరికి వెళ్ళు. నేను కొట్టానికి పోతున్నా."

అతను ఆమెను గోడకేసి కొట్టి, నెత్తుటి చేతులతో గొంతు పట్టుకున్నాడు. తల్లి కేకలు పెడుతూ మీద పడితే గానీ పట్టు వదల్లేదు. లోపలికెళ్ళి గొడ్డలితో కంప్యూటర్‌ను ముక్కలు చేశాడు. వీడియో ఆమె ఫోన్‌లోనూ ఉంది.

హంతకుడి తరఫువాడు క్షమ కోరి వెళ్ళేటప్పుడు నడికట్టు మెడకు వేసుకోవాలి. ఆ పని మగవాళ్ళదే. బురుల్ చచ్చిపోయిన తండ్రి నడికట్టు తీసి తన మెడకు వేసుకుని కొట్టం గడప దాటింది. తొక్తొసున్ కొరడా ఆమె చెంప చీల్చింది.

"ఆడదాన్ని పంపాడా ఆ పిరికివెధవ?"

"ఎవరూ పంపలేదు. ముందు చూడు, తర్వాత కొట్టు."

చూశాడు. చూసి, మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాతే, "విప్పండి వాణ్ణి," అన్నాడు.

యూసుర్‌కు ఒక కన్ను పోయింది. నిలబడలేక నేలకు ఒరుగుతూ, మిగిలిన కంటితో ఆమెను చూశాడు.

"అన్నీ చూశానన్నావటగా, తల్లీ."

ఆమె ఫోన్ పోలీసులకే చేసింది గాని, వాళ్ళకన్నా తొక్తొసున్ మనుషుల గుర్రాలు ముందు చేరాయి. ఎర్కిన్‌బెక్ ఎక్కడికీ పోలేదు; గొడ్డలి పట్టుకుని వాకిట్లోనే ఉన్నాడు. ఇద్దర్ని గాయపరిచాడు. వాళ్ళు అతని రెండు చేతులూ విరగ్గొట్టాక పోలీసులు వచ్చారు. బతికాడు, జైలుకు వెళ్ళాడు. న్యాయం జరిగిందని ఆ లోయలో ఎవరూ అనలేదు; నేనూ అనలేను. ఒక మనిషి చావలేదు, అంతే.

వాకిట్లో నెత్తురు కడుగుతూ తల్లి అడిగింది: "ఒకసారి వెతికావు. లేదన్నావు. మళ్ళీ ఎందుకు వెతికావే, పాపిష్టిదానా?"

"మొదటిసారి నేను వెతకలేదమ్మా," అంది బురుల్. "లేకపోతే బాగుండునని చూశానంతే."

తల్లి బకెట్‌లోని నీళ్ళు ఆమె మీదికి విసిరింది. బురుల్ పక్కకు జరగలేదు.