పొట్ట నాది, మడి నాది

విడవలూరులో మా మేనత్త పోయిందని మొన్న కబురొచ్చింది. నెల్లూరు నుంచి బస్సెక్కి వెళ్ళేసరికి ఊరంతా ఆమె వాకిట్లోనే ఉంది. ఆమెను ఆడిపోసుకున్నవాళ్ళూ ఉన్నారు.

కొన్నేళ్ళ కిందట ఆమెకు కాలేయం గట్టిపడిపోయి పొట్టలో నీరు చేరింది. చాటుగా తాగుతుందని పుకారు పుట్టించారు. బావి దగ్గర ఒకామె మొహానే అడిగేసింది. అత్త బిందె దించి, "తాగేవోళ్ళంతా నిక్షేపంగా తిరగతా ఉండారు. చుక్క ముట్టని నాకొచ్చింది. దానికి నేనెందుకు తల దించుకోవాల?" అంది.

మామయ్య పోయినప్పటి నుంచి వరిమడి ఆమే చేయించేది. జబ్బు సంగతి తెలియగానే మరిది కౌలుకిచ్చేద్దామన్నాడు. "నేను బతికుండంగా నా మడిలో ఇంకొకరి నాటా? కుదరదు" అని, జబ్బు బాగుచేయించుకోవడానికి నెల్లూరులో నా దగ్గరికి వచ్చింది.

ఆసుపత్రిలో అప్పుడప్పుడే వాడకంలోకొచ్చిన, నీరు దించే మాత్రలిచ్చారు. పొట్ట తొందరగా దిగింది. నాట్లకు వెళ్ళిపోతానని అత్త ఒకటే సంబరం. అంతలో మూత్రం తగ్గిపోయింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. ఒక పొద్దున నన్ను చూసి వాళ్ళమ్మ అనుకొని మాట్లాడింది.

"నీరు మరీ జోరుగా లాగేశామమ్మా" అన్నారు డాక్టరుగారు, దాచకుండా. "మూత్రపిండాలకు చాలినంత రక్తం అందడం లేదు. మాత్ర ఆపేయాలి."

ఆపేసి, నరం గుండా నీరెక్కించారు. మెల్లగా మూత్రం వచ్చింది, తెలివీ వచ్చింది. పొట్టా తిరిగొచ్చింది. అది తడుముకొని అత్త ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడే. తర్వాత కొంగుతో మొహం తుడుచుకొని, "ఈ పొట్టతోనే నాట్లకు పోతా పదమ్మా" అంది. పొట్ట బిగిసినప్పుడల్లా వస్తే సూదితో కొంత నీరు తీస్తామని డాక్టరుగారు చెప్పి పంపారు.

ఊళ్ళో బస్సు దిగగానే మరిది ఎదురొచ్చాడు. "ఇట్టా చేలోకి పోతే నలుగురూ నవ్వుతారొదినా!"

"నవ్వనీ అబ్బయ్యా. పొట్ట నాది, మడి నాది."

ఆ తర్వాత ఎన్నో పంటలు ఆమే ఇంటికి చేర్చింది. నన్నెవరైనా మూల కూర్చోమన్నప్పుడల్లా ఆ మాటే నన్ను నిలబెట్టింది.

కిందటి నాట్లకు వెళ్ళినప్పుడు ఆమెను ఆఖరుసారి చూశాను. అత్త గట్టు మీద నిలబడి ఉంది, ఎత్తైన పొట్ట మీదుగా కొంగు బిగించి. సముద్రపు గాలికి చీర కుచ్చిళ్ళు ఎగురుతున్నాయి. "ఆ మూల పల్చనైంది, మళ్ళీ నాటండే!" అని కేకేసింది. వంగి ఉన్న ఆడవాళ్ళంతా నారుకట్టలతో ఆ మూలకు కదిలారు.