పక్కపక్కన కూర్చోరాదు

ఒకే శాఖకు చెందిన ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని భోంచేస్తుంటే పేకమాస్టారు చూడలేరు. చూడలేకపోవడమంటే మొహం తిప్పుకుని వెళ్ళిపోవడం కాదు, ఇద్దరిలో ఒకరిని కుర్చీతో సహా లాక్కుపోవడం.

ఆ విశ్వవిద్యాలయంలో ఆయన ఉమ్మడి పరిశోధన కేంద్రానికి డైరెక్టరు. శాఖల మధ్య గోడలు కూల్చడం, అందరి చదువునూ కలిపి ఊరికి పనికొచ్చేలా చేయడం తమ లక్ష్యమని కేంద్రం గుమ్మం మీద బోర్డు ఉంది. బోర్డు రాసినవాళ్ళు గోడలన్నది ఏదో మాటవరసకి. ఈయన మాత్రం నిజమనుకుని క్యాంటీన్ నుంచి మొదలుపెట్టారు. అసలు వృత్తి వృక్షశాస్త్రం. ఉద్యోగమంతా మొక్కల మధ్య గడిపి, ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడి ఎరగని మనిషి, రిటైర్మెంటు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఇలా తయారయ్యారు. మనుషుల్ని పేకముక్కల్లా కలిపేస్తున్నారని పేకమాస్టారన్న పేరు స్థిరపడిపోయింది.

"ఏమండీ, మేమిద్దరం ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ కలిసే తింటున్నాం," అని మొత్తుకున్నాడు ఫిజిక్సు లెక్చరరు.

"అందుకే ఇద్దరికీ ఒకే ఆలోచన వస్తోంది. లేవండి."

"నా ప్లేటు అక్కడే ఉండిపోయింది!"

"ప్లేటుకి శాఖ లేదు. అదే వస్తుంది, పదండి."

ఫిజిక్సాయన వెళ్ళి నాటకాల శాఖ వాళ్ళ మధ్య పడ్డాడు. మొదట్లో ఏడుపు మొహం పెట్టాడు. నెల తిరిగేసరికి రంగస్థలం మీద ఉరుము శబ్దం ఎలా తెప్పించాలో వాళ్ళకు ఆయనే నేర్పుతున్నాడు. అక్కడితో ఆగక రాజు వేషం ఇమ్మని పోరు పెడుతున్నాడు కూడా.

ఈ అలవాటు ముదిరి కూతురి పెళ్ళిదాకా వెళ్ళింది. మగపెళ్ళివారంతా ఒకచోట గుంపుగా కూర్చున్నారని పేకమాస్టారు వియ్యంకుణ్ణి లేపి, తీసుకెళ్ళి తన బావమరిది పక్కన కుదేశారు. వియ్యంకుడు అలిగాడు. కాసేపటికి చూస్తే వియ్యంకుడూ బావమరిదీ తలలు దగ్గరపెట్టి పేకమాస్టారినే తిట్టుకుంటున్నారు.

"చూశావా, అప్పుడే వాళ్ళకో ఉమ్మడి అంశం దొరికింది," అని ఆయన భార్యతో మురిసిపోయారు.

"ఇంట్లో చెప్పుల జతని కూడా పక్కపక్కన ఉండనివ్వరు," అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని బాధపడింది. "ఒకటి గుమ్మం దగ్గరుంటుంది, ఇంకోటి మంచం కింద!"

ఇదంతా చూసి ఒళ్ళు మండిపోయినవాళ్ళలో గణాంకశాఖ చిన్నమేడమ్‌ది మొదటి వరస. శాఖలో అందరికన్నా చిన్నది కాబట్టి ఆ పేరు. ఒక సెమినార్లో శాఖాధిపతి పెద్దసారు వ్యాసం చదువుతుంటే, లెక్క తప్పిందని ఆమె అందరి ముందూ లేచి చెప్పేసింది. తప్పింది నిజమే. అయితే నిజం చెప్పడానికి ఒక పద్ధతుంటుందని శాఖలో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. మర్నాడు ఆమె ప్లేటు పట్టుకుని వాళ్ళ బల్ల దగ్గరికి రాగానే ఒకాయనకి ఫోనొచ్చింది, ఒకావిడకి క్లాసు జ్ఞాపకం వచ్చింది, పెద్దసారుకి ఆకలి చచ్చిపోయింది. క్షణంలో బల్ల ఖాళీ. అప్పటినుంచి చిన్నమేడమ్ తన గదిలో తలుపేసుకుని తినసాగింది. ఎలాగోలా ఈ ఏడాది గడిస్తే చాలు, వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని పోదామని నిశ్చయించుకుంది.

ఆ తలుపు తోసుకుని పేకమాస్టారు వచ్చారు.

"గదిలో తింటే చెల్లదమ్మా."

"నా పక్కన ఎవరూ లేరు కదండీ. మీ నియమం ఎక్కడ తప్పాను?"

"ఎక్కడేమిటి? నువ్వు గణాంకం, నీ కుర్చీ గణాంకం, ఆ బీరువా గణాంకం. ఎటు చూసినా ఒకే శాఖ! లే, లే."

తీసుకెళ్ళి సంగీతం మాస్టారికీ, సివిల్ ఇంజనీరుకీ మధ్య కూర్చోబెట్టారు. చిన్నమేడమ్ మనసులోనే ఆయన్ని దులిపేసింది. కొన్నాళ్ళు తలొంచుకుని తిని, తలొంచుకునే లేచిపోయేది. ఒకరోజు సంగీతం మాస్టారు దిగాలుగా కనిపించాడు.

"మా అత్తగారు పెద్దాసుపత్రి మెట్ల మీద పడిందండీ. మోకాలు చూపించుకోవడానికెళ్ళి చెయ్యి విరగ్గొట్టుకొచ్చింది. అక్కడ రోజూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటారట. నాకేమో ఆ మెట్లెక్కుతుంటే లయ తప్పినట్టు అనిపిస్తుంది."

"మెట్లకి లయేమిటండీ?" అని ఇంజనీరు నవ్వాడు.

సంగీతం మాస్టారు బల్ల మీద వేళ్ళతో మెట్లెక్కి చూపించాడు. సమంగా వెళుతున్న వేళ్ళు ఒకచోట ఆలస్యంగా పడ్డాయి. ఇంజనీరు నవ్వు ఆగిపోయింది.

"పడ్డవాళ్ళంతా అదే చోట పడ్డారా?" చిన్నమేడమ్ నోట తనకు తెలియకుండానే మాట వచ్చేసింది. "అది కనుక్కుంటే తేలిపోతుంది కదా!"

కనుక్కుంది. వారం రోజులు ఆసుపత్రిలో కట్లు కట్టే గది ముందు కూర్చుని ఒక్కొక్కరినీ అడిగింది. దాదాపు అందరిదీ ఒకటే మెట్టు. ఇంజనీరు వెళ్ళి కొలిస్తే అది మిగతావాటికన్నా అరంగుళం ఎత్తుంది. కంటికి ఆనని తేడా కాలికి తగులుతోంది. మెట్టు చెక్కించాక పడేవాళ్ళు తగ్గిపోయారు. అంతటితో ముగ్గురికీ పిచ్చి పట్టుకుంది. ఊళ్ళో ఏ మెట్లు కనిపించినా ఒకాయన వింటాడు, ఒకాయన కొలుస్తాడు, ఆమె లెక్కలు కడుతుంది.

కేంద్రం ప్రగతిని పరిశీలించడానికి పైనుంచి ముగ్గురు సభ్యుల కమిటీ దిగింది. మెట్ల సంగతి విని మెచ్చుకున్నారు.

"మీ పరిశోధన పద్ధతి ఏమిటి?" అని అడిగారు.

"కుర్చీలండీ," అన్నారు పేకమాస్టారు.

"అంటే?"

"మీ ముగ్గురిదీ ఒకే శాఖలా ఉంది. మధ్యలో ఆయన కాస్త లేస్తారా?"

లేచాడాయన, పాపం. కేంద్రాన్ని కొనసాగించవచ్చని రాసిచ్చి మరీ వెళ్ళారు.

ఆ సాయంత్రం పేకమాస్టారింట్లో అందరూ టీ తాగేటప్పుడు ఆయన భార్య చిన్నమేడమ్ పక్కన వచ్చి కూర్చుంది.

"మీవారికి ఈ పిచ్చి ఎప్పట్నుంచండీ?" అని నవ్వుతూ అడిగింది చిన్నమేడమ్.

"నీకు తెలీదూ? ఓ రోజు ఇంటికొచ్చి భోజనం ముట్టలేదు తల్లీ. క్యాంటీన్లో ఒకమ్మాయి ప్లేటు పట్టుకుని వస్తే బల్లంతా లేచిపోయిందట. ఆ పిల్లనొక్కదాన్నే పిలిచి కూర్చోబెడితే జాలంటారు, అది ఇంకా చిన్నబుచ్చుకుంటుంది అన్నారు. అందర్నీ లేపేస్తే నాకు పిచ్చంటారు, పిచ్చే నయం అన్నారు. మర్నాటి నుంచి ఇదీ వరస. అంతకుముందు మా చెప్పులు శుభ్రంగా జతగానే ఉండేవి."

చిన్నమేడమ్ టీ కప్పు కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది, ఆ వెంటనే బోలెడు సంతోషమేసింది.

కొద్దిరోజులకే, అచ్చయిన పెద్దసారు వ్యాసం చెల్లదని పత్రికవాళ్ళు ప్రకటించి వెనక్కి తీసుకున్నారు. కారణం ఆమె చూపించిన తప్పే. పేరూ పరువూ పోయి, పెద్దసారు ఆలస్యంగా క్యాంటీన్‌కి వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నారు. అటువైపు వెళ్ళేవాళ్ళకి మళ్ళీ ఫోన్లు రావడం మొదలైంది. ఒక ముద్ద మింగినంతసేపు చిన్నమేడమ్‌కి తృప్తిగా ఉన్నమాట నిజం. రెండో ముద్ద దిగలేదు. ప్లేటు తీసుకుని లేచింది.

"ఇక్కడ కూర్చోవచ్చా సార్?"

పెద్దసారు తలెత్తలేదు. "ఇద్దరిదీ ఒకే శాఖ. ఆయన ఊరుకోడు."

"ఆయన సంగతి నేను చూసుకుంటాను."

"నీకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందటగా?"

"వచ్చింది సార్. రానని చెప్పేశాను. బస్టాండు మెట్ల పని మొదలుపెట్టాం, లెక్కలు చూడటానికి ఇంకో మనిషి కావాలి. మీరు రాకూడదూ?"

"మళ్ళీ తప్పు చేస్తే?"

"ఈసారి మీ చెవిలో చెప్తాను."

పెద్దసారు చాన్నాళ్ళకి నవ్వారు. అంతలో పేకమాస్టారు రానే వచ్చారు. క్యాంటీన్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఆయన చిన్నమేడమ్ కుర్చీ వీపు పట్టుకున్నారు, పెద్దసారు మొహం చూశారు, మెల్లగా చెయ్యి తీసేశారు.

"ఎవరమ్మా ఇక్కడ? కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. ఏ శాఖవాళ్ళో ఏమిటో, ఒక్కరూ ఆనడం లేదు," అని, ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుంటూ, మళ్ళీ ఒకచోట చేరిన ఫిజిక్సు వాళ్ళ బల్ల వైపు వెళ్ళిపోయారు.