ముందు మెట్టెలు, తర్వాత మందు

పోయిన నెల మా చిన్నాయన కన్నుమూశారు. నిద్రలోనే, ఎవరికీ శ్రమ ఇవ్వకుండా. సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. గౌలిపురలోని మా ఇంట్లో మందుల డబ్బా బాధ్యత ఆయనదే. ఆయన్ని తలుచుకుంటే నాకు ఒక శుక్రవారం పొద్దున గుర్తొస్తుంది.

నల్లాలో నీళ్లు వచ్చాయి. చిన్నమ్మ గడపకు పసుపు రాస్తోంది. నేను దేవుడి ముందు పూలు సర్దుతున్నాను. చిన్నాయన అరుగు మీద డబ్బా తెరిచి, కళ్లద్దాలు నుదుటికెక్కించి, గోలీల అట్టలు ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూస్తున్నారు. నెలకోసారి ఆయనకు అదో పూజ.

"తారీఖు దాటిన గోలి, స్టాపు దాటిన ప్యాసింజరు, రెంటినీ దింపుడే బిడ్డా," అన్నారు. అంతలోనే, "నా కత్తెర ఏడ పోయిందే?"

"నీ అన్న కొడుకు మీసాలు దిద్దుకోను తీస్కపోయిండు," అంది చిన్నమ్మ, మా తమ్ముడి గురించి.

"గట్లనా! రేపు దెబ్బ తాకితే మీసాలతోటి కట్టు కడ్తడా?"

పెళ్లిళ్లకు థర్మామీటరు కానుకగా ఇచ్చేవారు ఆయన. "ముందు లేకుంటె మందు లేదు" అని ముందుజాగ్రత్త గురించి ఆయన అనే మాట.

వంటింట్లో కేక వినిపించింది. మా తమ్ముడి భార్య గంజి వారుస్తుంటే గిన్నె జారి పాదం మీద ఒలికింది. క్షణంలో ఇరుగుపొరుగు వచ్చేశారు. ఒకరు పసుపు అన్నారు, ఒకరు టూత్‌పేస్టు తెచ్చారు.

"జరుగుండ్రి, జరుగుండ్రి! గాలి రానియ్యుండ్రి! గా పేస్టు పండ్లకు పెట్టేది, కాలుకు కాదు!"

కిక్కిరిసిన బస్సులో అరిచినట్టే అరిచారు చిన్నాయన. ఆమెను పీట మీద కూర్చోబెట్టి, పాదాన్ని నల్లా ధార కింద పెట్టారు.

"మెట్టెలు తియ్యి బిడ్డా. కాలు ఉబ్బితే ఇరుక్కుంటయి, వేలికి రక్తమాడదు."

ఆమె వేళ్లను చేత్తో మూసుకుంది. "నేను తియ్య మామా. ఆయన బయట ఉన్నడు. శుక్రవారం పూట గిట్ల..."

భర్త ఉండగా మెట్టెలు తీస్తే ఆయనకు కీడని భయం. వేళ్లు అప్పటికే ఉబ్బుతున్నాయి. చిన్నాయన ఫోను తీసి తమ్ముడికి కలిపి, స్పీకరు పెట్టారు.

"అరేయ్, ఉన్నవా?"

"ఉన్న చిన్నాయనా. ఏమైంది?"

"పెండ్లాం కాలు మీద జర గంజి పడ్డది. ఫికర్ లేదు, నేనున్న. నువ్వు మాత్రం గట్లనే ఉండు, ఏడికీ పోకు."

ఏడుస్తున్న మరదలు ఫక్కున నవ్వింది. అయినా నా వైపు చూసింది, ఇంట్లో పూజలు చేసేది నేనని.

"వదినా, మీరు చెప్పుండ్రి."

"దేవుడు మనిషిని చూస్తడు గని కాలివేళ్లను కాదు. తియ్యమ్మా," అన్నాను.

తీసింది. చివరిది ఎంతో కష్టంగా వచ్చింది. చాలాసేపు నీళ్ల కింద ఉంచాక, చిన్నాయన శుభ్రమైన గాజుగుడ్డ వదులుగా కప్పి దవాఖానకు తీసుకెళ్లారు. ఇంకాసేపు ఆగి ఉంటే మెట్టెలను కోసి తీయాల్సి వచ్చేదని అక్కడి డాక్టరు చెప్పింది.

సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టారు. "డబ్బా నింపుడు అల్కటి పనే. ఒంటి మీద ఇరికినయి ముందు చూడాలె. తియ్యుండ్రి."

తమ్ముడి ఉంగరం వచ్చింది. నా గాజులూ వచ్చాయి. చిన్నమ్మ మెట్టెలు మాత్రం కదల్లేదు. పెళ్లినాటివి. చిన్నాయన సబ్బునురగ చేసుకొని ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నారు.

"అందరి ముందట ఏంది లొల్లి! చక్కిలిగిలైతుంది, ఇడువు!"

"టికెట్ కొట్టినంక దిగుతనంటె ఎట్ల?"

ఎట్టకేలకు వచ్చాయి. ఊడిరాని ఉంగరం గాని, సందు లేని మెట్టె గాని ఈ ఇంట్లో ఇక ఎవరూ పెట్టుకోవద్దని అనుకున్నాం. చిన్నమ్మకూ మరదలికీ వదులు చేసుకునే మెట్టెలు చేయించాలని, చిన్నమ్మవి చిన్నాయనే తొడగాలని తీర్మానించాం. ఆయన కాదనలేదు, లేవనూ లేదు. చిన్నమ్మ పాదాన్ని ఒళ్లో పెట్టుకొని, భుజం మీది తువ్వాలతో వేళ్ల మధ్య నురగ తుడుస్తూ కూర్చున్నారు.