తొమ్మిదో రీలు

ఎమ్మిగనూరు టాకీసులో ఇరవై రెండేళ్లు ఆపరేటరుగా చేసిన నబీ సాబ్ సినిమాలు చూసినవాడు కాదు, వాటికి కాపలా కాసినవాడు. రీలు అయిపోతోందని తెర కుడి మూలన చుక్క పడుతుంది. ఆయన కళ్లెప్పుడూ ఆ చుక్క మీదే. కథంతా జనానిది. అందుకే అరవై ఎనిమిదో ఏట, ఉమ్రా యాత్రకు మదీనా పోయే విమానంలో ముందు సీటు వీపుకు తెర కనబడగానే ఆయన ముఖం వెలిగింది.

"ఉమ్రాకు పోతా సినిమాలేంది మీకు?" అని భార్య సుగ్రాబీ కసిరింది. కసిరి, తనూ ఒకటి పెట్టించుకుంది.

మొదటి బొమ్మ కాళ్లు చాపుకుని హాయిగా చూశాడు. రెండోది వెతుకుతుంటే వేలు ఆగిపోయింది. ఇరవై ఏడేళ్లుగా తప్పించుకు తిరుగుతున్న సినిమా అది.

అప్పట్లో దాని ప్రింటు ఒక్కటే ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ ఆడేది. ఆదోనిలో ఆడేసిన రీళ్లు లక్ష్మన్న మోటారు సైకిలు మీద తెచ్చేవాడు. ఒక సాయంత్రం అతను పెట్టె దించి వెనక్కి పోయాక చూస్తే తొమ్మిదో రీలు లేదు. ఆదోనిలోనే మరిచారు. నబీ సాబ్ ఆదోని టాకీసుకు ఫోన్ చేసి లక్ష్మన్నను పిలిపించాడు.

"గాలి మాదిరి రా లక్ష్మన్నా! ఈడ జనం కుర్చీలు ఇరగ్గొడతాండారు."

ఎవరూ విరగ్గొట్టడం లేదు. ఇంటర్వెల్లో బజ్జీలు తింటున్నారు. చూసి చూసి ఆయన పదో రీలు ఎక్కించేశాడు. మధ్యలో రీలు ఎగిరిపోయిందని ఒక్క ఈల పడలేదు. లక్ష్మన్న మాత్రం దారిలోనే లారీ కింద పడి చచ్చిపోయాడు.

ఉమ్రాకు పోయేవాళ్లు తెలిసినవాళ్ల గడపలన్నీ తొక్కి, చేసిన తప్పులకు మాఫీ అడగాలి. నబీ సాబ్ పాలాయన్ని కూడా అడిగాడు. లక్ష్మన్న భార్య గంగమ్మ ఇంటి సందు దాకా పోయి, తిరిగొచ్చేశాడు. ఆ ఫోన్ సంగతి ఆమెకు తెలీదు.

ఇప్పుడు ఆ సినిమానే పెట్టుకున్నాడు. తెర మీద 'విశ్రాంతి' అని పడింది. ఇక వచ్చేది తొమ్మిదో రీలే. వెనకాల మోటారు సైకిలు ఆగినట్టనిపించి ఉలిక్కిపడి తిరిగి చూశాడు. దుప్పట్లు కప్పుకున్న ముఖాలు, అంతే.

ఒక పాట వచ్చింది. తర్వాత దోసె కోసం ఇద్దరు కొట్టుకునే కామెడీ. నబీ సాబ్ నవ్వాడు. నవ్వొచ్చింది మరి, ఏం చేస్తాడు! వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూలన చుక్క పడింది. రీలు అయిపోయింది. కథకు ఆ రీలు అక్కరే లేదు. దీనికోసమా ఒక మనిషి పోయింది?

మదీనాలో దిగీ దిగగానే గంగమ్మకు ఫోన్ చేశాడు.

"నేను నబీని తల్లీ. ఆ పొద్దు లక్ష్మన్నను అబద్ధం సెప్పి పరిగెత్తించింది నేనే. మాఫ్ చెయ్."

"ఆ రీలులో ఏముండెనో నాకు ఈ పొద్దుటికీ తెల్దన్నా," అంది గంగమ్మ. "నువ్వు సూసినావా?"

"ఇప్పుడే సూసినా. ఒక పాటుంది."

"ఏం పాట? పాడు, ఇంటా."

అందరూ చూస్తున్నారని సుగ్రాబీ చెయ్యి లాగుతున్నా, నబీ సాబ్ సంచుల మధ్య నిలబడి పల్లవి పాడాడు. చరణం గుర్తు రాలేదు. మళ్లీ పల్లవే పాడాడు. గంగమ్మ ఫోను పెట్టెయ్యలేదు.